చిత్రకారుడు, శిల్పి: బినోద్‌బిహారి, రామ్‌కింకర్‌ల స్నేహం



కిందటి పాఠంలో అవనీంద్రనాథ్ ఠాగూర్, ఆయన శిష్యులు తీసుకువచ్చిన కొత్త భారతీయ చిత్రకళ గురించి చదివారు. ఈ పాఠం ఇద్దరు మిత్రుల గురించి. ఒకరు చిత్రకారుడు బినోద్‌బిహారి ముఖర్జీ (1904–1980), ఇంకొకరు శిల్పి రామ్‌కింకర్ బైజ్ (1906–1980). ఇద్దరూ శాంతినికేతన్‌లోని కళాభవన్‌లో చదువుకున్నారు, తర్వాత అక్కడే పాఠాలు చెప్పారు. ఇద్దరికీ గురువు నందలాల్ బోస్. ఇద్దరూ ఒకే ఏడాది, మూడు నెలల తేడాతో కన్నుమూశారు.

నిజామాబాద్‌లోనో, బోధన్‌లోనో ఉండి బీర్భూమ్ జిల్లా కళాకారుల గురించి ఎందుకు చదవాలని మీకు అనిపించవచ్చు. పరీక్షలో వస్తుంది కాబట్టి అన్నది ఒక జవాబు. అది నిజమే. అంతకంటే మంచి జవాబు ఈ పాఠం సగం దాటేసరికి మీకే దొరుకుతుంది.

ముందుగా ఒక చిక్కు విప్పుకుందాం. ఇద్దరు కళాకారులు స్నేహితులని చెప్పినంత మాత్రాన అది కళావిమర్శ కాదు. కలిసి టీ తాగారు, కలిసి తిరిగారు, రాత్రిళ్లు మాట్లాడుకున్నారు అని రాస్తే అది జీవితచరిత్ర అవుతుంది. విమర్శకుడు అడగవలసిన ప్రశ్న వేరు. ఆ స్నేహం బొమ్మలో ఎక్కడ కనిపిస్తుంది? చిత్రకారుడు వేసిన గోడ మీద శిల్పి ఆలోచన ఉందా? శిల్పి నిలబెట్టిన మనిషిలో చిత్రకారుడి చూపు ఉందా? మనం ఇక్కడ చూడబోయే కృతులు ఎవరివి వారివే. ఉమ్మడి సంతకం కోసం వెతకకండి. వాళ్లు పంచుకున్నవి నేల, ఆ నేల మీది మనుషులు, పని చేసే పద్ధతి, విద్యార్థులు. పంచుకున్న పని అంటే ఈ పాఠంలో మన అర్థం అదే.

చిత్రాన్నీ శిల్పాన్నీ విడదీసింది ఎవరు?

చిత్రకారుడు ఒకరు, శిల్పి మరొకరు అనే విభజన మనకు అంత పాతది కాదు. చేర్యాల నకాషీ కుటుంబాలను చూడండి. పటం మీద కథ గీసే చేతులే చింతగింజల గుజ్జు, రంపపు పొట్టు కలిపి ముఖాలు, బొమ్మలు చేస్తాయి. నిర్మల్ కొయ్యబొమ్మకు చెక్కడం ఎంత ముఖ్యమో రంగూ అంతే ముఖ్యం. రంగు వేయని పొనికి కర్రను ఎవరూ నిర్మల్ బొమ్మ అనరు. అజంతా గుహల్లో చిత్రమూ శిల్పమూ ఒకే రాతి గదిలో ఉన్నాయి.

వీటిని వేరు చేసింది ఎక్కువగా కళాశాలలే. మద్రాసులో 1850లో, కలకత్తాలో 1854లో, బొంబాయిలో 1857లో కళాపాఠశాలలు మొదలయ్యాయి. అక్కడ నేర్పే విద్య శాఖలుగా విడిపోయింది. చేతిపని ఒక మెట్టు కింద, 'లలితకళ' ఒక మెట్టు పైన అనే భావం కూడా వాటితోపాటే బలపడింది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతన్‌లో కళాభవన్ ప్రారంభించినప్పుడు ఈ గోడలను కొంతవరకైనా పడగొట్టాలనుకున్నారు. అక్కడ చిత్రకళ విద్యార్థి గోడకు మట్టి పూసేవాడు, శిల్పం నేర్చుకునేవాడు నాటకానికి తెర రాసేవాడు.

మన తెలుగు ప్రాంతంలో అప్పుడు ఏం జరుగుతోందో కూడా గుర్తు పెట్టుకోండి. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు కొత్త ఆంధ్ర చిత్రకళకు దారి వేసి, 1925 ఫిబ్రవరిలో మశూచితో, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండా చనిపోయారు. రామ్‌కింకర్ శాంతినికేతన్‌లో అడుగుపెట్టింది ఆ ఏడాదే. దామెర్ల చుట్టూ కూడా స్నేహబృందం ఉంది, దాని గురించి మరో పాఠంలో చదువుతారు. అయితే ఆ బృందం ప్రధానంగా చిత్రకారులది, కవులది. చిత్రం, శిల్పం పక్కపక్కన పెరిగిన ఆధునిక ఉదాహరణకు మనం శాంతినికేతన్ దాకా వెళ్లాలి.

ఇద్దరూ ఎక్కడి నుంచి వచ్చారు

బినోద్‌బిహారికి పుట్టుకతోనే ఒక కంటికి చూపు లేదు. రెండో కన్ను దగ్గరివి మాత్రమే చూడగలదు. ఈ కారణంగా మామూలు బడి చదువు సాగలేదు. శాంతినికేతన్ ఆశ్రమ పాఠశాలలో చేరి, కళాభవన్ మొదలుకాగానే అందులోకి వచ్చారు. ఇంత చూపుతో చిత్రకళ ఎలా నేర్చుకుంటాడని నందలాల్ మొదట సందేహించారట. ఇష్టంగా చేస్తున్నాడు, చేయనివ్వండి అన్న అర్థంలో రవీంద్రుడు సర్దిచెప్పారట. 1925 నాటికి బినోద్‌బిహారి కళాభవన్‌లో అధ్యాపకుడయ్యారు.

రామ్‌కింకర్‌ది బాంకురా. క్షురవృత్తి చేసే పేద కుటుంబం. ఊళ్లో దేవతా విగ్రహాలు చేసే పనివారి దగ్గర మట్టిపని చూసి నేర్చుకున్నారు. జాతీయోద్యమ కాలంలో నాయకుల బొమ్మలు గీశారు, నాటకాలకు తెరలు రాశారు. ఆ ప్రతిభను గమనించి శాంతినికేతన్‌కు తీసుకువచ్చిన వ్యక్తి ప్రసిద్ధ సంపాదకుడు రామానంద చటర్జీ.

ఒకరు పుస్తకాలు, చరిత్ర, సిద్ధాంతం వైపు మొగ్గిన మనిషి. జపాన్ వెళ్లి అక్కడి పాత చిత్రాలు చూసి వచ్చారు, కళ గురించి బెంగాలీలో చక్కని వచనం రాశారు. ఇంకొకరు గట్టిగా పాడతారు, నాటకాలు ఆడిస్తారు, మాట్లాడేదానికంటే చేసేది ఎక్కువ. స్వభావాలు ఇంత వేరైనా వాళ్లను కలిపింది ఒక అసంతృప్తి. బెంగాల్ చిత్రకళ అప్పటికి పురాణకథల్లో, పొగమంచు లాంటి రంగుల్లో మెత్తబడిపోయింది. ఇద్దరూ ఆ మెత్తదనం నుంచి బయటకు నడిచారు. బయటకు అంటే అక్షరాలా బయటకే: శాంతినికేతన్ చుట్టూ ఉన్న ఎర్రనేల మీదికి.

ఆ నేలను అక్కడ ఖోయాయ్ అంటారు. వానకు కోసుకుపోయి గట్లు గట్లుగా మిగిలిన ఎర్ర మొరం భూమి, అక్కడక్కడ తాటిచెట్లు. మన దగ్గర మొరం గుట్టల పక్కన నడిచినవారికి ఇది కొత్త దృశ్యం కాదు. బినోద్‌బిహారి ఈ నేలను పొడవాటి కాగితపు చుట్టల మీద గీశారు. వాటిలో కథ లేదు, దేవుడు లేడు, పండుగ లేదు. ఖాళీ నేల, ఒకటి రెండు చెట్లు, ఎప్పుడైనా ఒక మనిషి. రామ్‌కింకర్ అదే మొరాన్ని సంచుల్లో తెచ్చి సిమెంటులో కలిపారు. ఒకరు ఆ నేలను చూసి గీశారు, ఇంకొకరు ఆ నేలతోనే చేశారు. వాళ్ల స్నేహానికి నాకు కనిపించే మొదటి రుజువు ఇదే.

'సంథాల్ కుటుంబం'

ఈ శిల్పం 1938 నాటిది. కళాభవన్ ఆవరణలో, ఆరుబయట ఉంది. మనిషి నిలువును మించిన కొలత. ఒక సంథాల్ పురుషుడు భుజాన కావడి వేసుకుని నడుస్తున్నాడు. కావడికి ఒకవైపు తట్టలో పిల్లవాడు, ఇంకోవైపు ఇంటి సామాను. పక్కన భార్య, చంకలో పసిబిడ్డ, నెత్తిన చుట్టిన చాప. వాళ్లతోపాటే ఒక కుక్క. ఇల్లు మొత్తం భుజాన వేసుకుని పని వెతుక్కుంటూ ఒక చోటి నుంచి మరో చోటికి పోతున్నారు.

దీన్ని ఎలా చేశారో తెలుసుకుంటే సగం విమర్శ పూర్తయినట్టే. కంచుకు డబ్బు లేదు, పాలరాయికి అసలే లేదు. రామ్‌కింకర్ ఇనుప చువ్వలతో పంజరం కట్టి, సిమెంటు, ఇసుక, మొరం కంకర కలిపిన ముద్దను దాని మీదికి చేత్తో విసిరి అంటించారు. గట్టిపడుతున్నప్పుడు చెక్కి రూపం తెచ్చారు. ఇల్లు కట్టే మేస్త్రీ సామానుతో చేసిన శిల్పం అది. నున్నగా రుద్దలేదు. కంకర పైకి తేలి, ఒళ్లంతా గరుకుగా ఉంటుంది. ఎండ పడితే ఆ గరుకు మీద వేల చిన్న నీడలు పడతాయి. దూరం నుంచి చూస్తే బొమ్మ కాస్త కదిలినట్టు అనిపించేది అందుకే.

ఇప్పుడు మన ప్రశ్న అడుగుదాం. ఇందులో చిత్రకారుడు ఎక్కడ? అప్పటిదాకా మన నగరాల్లో పెట్టిన విగ్రహాలు గుర్తు తెచ్చుకోండి. ఎత్తయిన దిమ్మె, దాని మీద ఒక దొరో రాజో, చుట్టూ ఇనుప కంచె. విగ్రహం మనల్ని చూస్తుంది, మనం తలెత్తి దాన్ని చూస్తాం. 'సంథాల్ కుటుంబం' ఎవరినీ చూడదు. వాళ్ల దారిన వాళ్లు పోతున్నారు, మనం పక్కకు తప్పుకోవాలి. శిల్పం తనొక్కటే నిలబడిన వస్తువులా కాకుండా, ఒక భూదృశ్యంలో భాగంగా ఉంది. చెట్లు, ఎర్రనేల, ఆకాశం అన్నీ కలిస్తేనే అది పూర్తవుతుంది. మనిషిని నేల నుంచి వేరు చేయకుండా చూడడం భూదృశ్య చిత్రకారుడి అలవాటు. రామ్‌కింకర్ స్వయంగా మంచి చిత్రకారుడు కూడా, కాబట్టి ఇది బినోద్‌బిహారి ఒక్కరి దగ్గరే నేర్చుకున్నారని నేను అనను. అయితే ఖోయాయ్ చుట్టలు గీస్తున్న మిత్రుడు పక్క గదిలో ఉన్న చోట ఈ శిల్పం పుట్టిందని మరచిపోకూడదు.

ఒక అభ్యంతరం కూడా వినాలి. సంథాల్‌లను బొమ్మ చేసి కళాశాల ముంగిట నిలబెట్టడం బయటివాళ్లు ఆదివాసులను అందంగా చూపించుకోవడం కాదా? మంచి ప్రశ్న. అంతకుముందు చాలామంది చిత్రకారులు సంథాల్ స్త్రీని జడలో పూలతో, నెత్తిన కుండతో నాజూకుగా గీశారు. ఆ బొమ్మల్లో ఆమె పని చేయదు, నిలబడి కనిపిస్తుంది అంతే. రామ్‌కింకర్ మనుషులు బరువు మోస్తారు. మోస్తున్న బరువుకు వాళ్ల మెడ, నడుము, మడమ ఎలా స్పందిస్తాయో శిల్పంలో ఉంది. జాలి అడగరు. గరీబులను గొప్పవాళ్లుగా చూపించాలనే ఉబలాటం కూడా అందులో లేదు. అభ్యంతరం పూర్తిగా తొలగిపోదు గాని, దాని పదును చాలా తగ్గుతుంది.

మిల్లు కూత

ఇక్కడ కాసేపు బోధన్‌కు రండి. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో ఏర్పడింది. 'సంథాల్ కుటుంబం' దాదాపు ఆ కాలపు శిల్పమే. దశాబ్దాల పాటు ఆ చుట్టుపక్కల పల్లెలు ఫ్యాక్టరీ సైరన్‌తోనే లేచాయి, సైరన్‌తోనే అన్నం తిన్నాయి. 2015 చివర్లో ఫ్యాక్టరీ మూతపడింది. మీలో కొందరి తాతలో తండ్రులో అందులో పని చేసి ఉంటారు.

రామ్‌కింకర్ 1956లో 'మిల్లు పిలుపు' అనే శిల్పం చేశారు. ఇదీ సిమెంటు, కంకరతోనే. బియ్యం మిల్లు సైరన్ మోగింది. ఇద్దరు సంథాల్ స్త్రీలు పనికి పరుగెత్తుతున్నారు, వెనుక ఒక పిల్లవాడు. తడిసిన బట్టలు ఆరేదాకా ఆగే తీరిక లేదు, అందుకే పరుగులోనే గాలికి ఆరబెడుతున్నారు. వెనక్కి ఎగురుతున్న ఆ బట్టలోనే శిల్పం వేగమంతా ఉంది.

బట్ట ఎగరడం చిత్రంలో తేలిక, ఒక కుంచె గీతతో అయిపోతుంది. సిమెంటులో అది దాదాపు అసాధ్యం. సిమెంటు బరువైంది, కిందికి లాగుతుంది. గాలిలో ఆనుడు లేకుండా పొడుచుకు వచ్చే భాగం విరిగిపోతుంది. రామ్‌కింకర్ ఆ బట్టనే శిల్పానికి ఆధారంగా, ఇద్దరు స్త్రీలనూ కలిపే కట్టుగా వాడుకున్నారు. చిత్రకారుడి గీతను శిల్పి ఇంజినీరింగ్‌గా మార్చిన సందర్భం ఇది. ఆయన చేసిన వాటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది 'సంథాల్ కుటుంబం' కాదు, ఇదే.

ఈ శిల్పం చూసినప్పుడు బోధన్ ప్రాంతపు విద్యార్థికి తోచే అర్థం కలకత్తా విమర్శకుడికి తోచకపోవచ్చు. సైరన్‌కు పరుగెత్తడం అంటే ఏమిటో, ఆ సైరన్ ఇక మోగకపోవడం అంటే ఏమిటో మీకు తెలుసు. కావడి వేసుకుని కదిలిన కుటుంబాన్ని చూస్తే, చెరకు కోతకు పిల్లాజెల్లాతో బండ్ల మీద వచ్చే కూలీలు, గల్ఫ్‌కు వెళ్లిన అన్నలు, బాబాయిలు మీకు గుర్తు రావచ్చు. సమాధానపత్రంలో అది రాయడానికి సంకోచించకండి. అయితే అక్కడితో ఆగకండి. శిల్పంలోని ఏ భాగం మీకు దాన్ని గుర్తు చేసిందో కూడా రాయండి. సొంత అనుభవం విమర్శకు ద్వారం మాత్రమే, లోపలికి కళ్లతోనే వెళ్లాలి.

హిందీ భవన్ గోడ

బినోద్‌బిహారి 1940లో కళాభవన్ విద్యార్థుల వసతిగృహం పైకప్పు మీద బీర్భూమ్ పల్లెను చిత్రించారు. మధ్యలో చెరువు, దాని చుట్టూ చెట్లు, గుడిసెలు, పశువులు, మనుషులు. పైకప్పు కాబట్టి దానికి కిందూ మీదూ లేవు. మంచం మీద ఎటు తల పెట్టి పడుకుంటే అటు నుంచి పల్లె మొదలవుతుంది. 1942లో చీనా భవన్ గోడల మీద ఆశ్రమ జీవితాన్ని గీశారు. ఈ రెండింటినీ దాటి పెద్ద పని హిందీ భవన్‌లో, 1946–47లో జరిగింది.

హాలులో మూడు గోడల పైభాగం, మొత్తం పొడవు సుమారు 80 అడుగులు. విషయం మధ్యయుగపు సాధుసంతుల జీవితం: రామానుజులు, కబీరు, సూరదాసు, తులసీదాసు, గురు గోవింద్‌సింగ్, వారి చుట్టూ పేరులేని జనం. పద్ధతి అసలైన ఫ్రెస్కో. అంటే గోడకు ఆ రోజు పనికి సరిపడా మాత్రమే సున్నపు గచ్చు పూస్తారు. అది తడిగా ఉండగానే నీళ్లలో కలిపిన రంగుతో గీయాలి. సున్నం ఆరేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని రాయిలా మారుతుంది, రంగు ఆ రాయిలో చిక్కుకుపోతుంది. వందల ఏళ్లు నిలుస్తుంది. కానీ తప్పు గీస్తే దిద్దుకునే వీలు లేదు, ఆ ముక్క గచ్చు చెక్కి పారేయాల్సిందే.

ఇంత పెద్ద గోడకు మామూలుగా ముందే పూర్తి కొలతలో నమూనా గీసి, దాన్ని గోడ మీదికి ఎక్కిస్తారు. బినోద్‌బిహారి అలా చేయలేదు. చిన్న రేఖాచిత్రాలతో ఆలోచించి నేరుగా గోడ మీద గీశారు. అదీ దగ్గరివి మాత్రమే కనిపించే ఒక్క కంటితో. ముక్కు ముందున్న రెండు మూడు అడుగుల గోడ మాత్రమే ఆయనకు స్పష్టం. 80 అడుగుల మొత్తం ఆయన మనసులోనే ఉండాలి.

ఇందులో శిల్పి ఎక్కడ? ఆ సంతులు నిలబడిన తీరు చూడండి. పొడవాటి నిలువు ఆకారాలు, గుడి గోడలోని కంభాల మధ్య నిలబడిన రాతిమూర్తుల్లా ఉంటాయి. ముఖాల్లో భావం చూపించే ప్రయత్నం తక్కువ, శరీరపు బరువు, వంపు, మలుపు చెప్పేది ఎక్కువ. ఆ నిలువు మూర్తుల మధ్య నుంచి జనప్రవాహం నదిలా అడ్డంగా పోతుంది. నిలువు, అడ్డం ఒకదానికొకటి ఆనుకుని నిలబడడం శిల్పి లెక్క. రంగు కూడా మట్టి రంగే, గోడను దాటి మెరిసిపోదు. చిత్రం గోడకు కప్పిన దుప్పటిలా లేదు, గోడలోంచే ఉబికి వచ్చినట్టు ఉంది.

కాలాన్ని కూడా గమనించండి. 1946–47. బెంగాల్ మతకల్లోలాల్లో కాలుతోంది, దేశం రెండు కాబోతోంది. అప్పుడు ఆయన గీసింది నేతగాడు కబీరును, గుడ్డివాడని జనం చెప్పుకునే సూరదాసును, గుంపుగా నడిచే సామాన్యులను. గోడ మీద నినాదం లేదు. విద్యార్థులు తరచూ 'మతసామరస్యాన్ని చాటిన చిత్రం' అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. చాటడం ఆయన పద్ధతి కాదు. ఎవరు ఎవరి పక్కన నడుస్తున్నారో చూపించి ఊరుకున్నారు.

ఇద్దరి మీదా పేరుకున్న కథలు

రామ్‌కింకర్ అనగానే తాగుబోతు, దేశదిమ్మరి, పిచ్చి ప్రతిభావంతుడు అంటారు. బినోద్‌బిహారి అనగానే అంధ ఋషి అంటారు. 1972లో సత్యజిత్ రాయ్ బినోద్‌బిహారి మీద 'ది ఇన్నర్ ఐ' అనే డాక్యుమెంటరీ తీశారు. రాయ్ కళాభవన్‌లో ఆయన విద్యార్థి. 1975లో ఋత్విక్ ఘటక్ రామ్‌కింకర్ మీద చిత్రం మొదలుపెట్టారు, పూర్తి కాకుండానే ఘటక్ మరణించారు. రెండూ చూడదగినవి. ఒకటి నిమ్మళంగా, పొందికగా ఉంటుంది, ఇంకొకటి తెగిపోయి, గజిబిజిగా ఉంటుంది. ఇద్దరు దర్శకుల స్వభావాలు ఇద్దరు కళాకారుల స్వభావాలకు సరిపోయాయి గనుక జనంలో ఆ రెండు ముద్రలూ మరింత గట్టిపడ్డాయి.

ఈ ముద్రలతో నాకు పేచీ ఉంది. రెండూ శ్రమను దాచేస్తాయి. పిచ్చితనంతో ఇనుప పంజరం లెక్క కుదరదు. సిమెంటు ఎప్పుడు గట్టిపడుతుందో తెలిసినవాడు మాత్రమే ఎప్పుడు చెక్కాలో చెప్పగలడు. ఋషిత్వంతో సున్నం తడి నిలవదు. ఈ ఇద్దరూ ముందు పనివాళ్లు. రవీంద్రుడు తనను పిలిచి, ఆశ్రమమంతా బొమ్మలతో నింపు, ఒకటి పూర్తయ్యాక వెనక్కి చూడకు అన్న అర్థం వచ్చేలా చెప్పారని రామ్‌కింకర్ తర్వాత చెప్పుకునేవారు. ఆ మాటను ఆయన ఆశీస్సుగా కంటే పని ఉత్తర్వుగా తీసుకున్నారనుకుంటాను.

చూపు పోయిన తర్వాత

బినోద్‌బిహారి 1949లో శాంతినికేతన్ విడిచి నేపాల్ వెళ్లారు, కాఠ్మాండూలో ప్రభుత్వ మ్యూజియం బాధ్యత చూశారు. తర్వాత వనస్థలి, మసూరీ. 1957లో కంటి ఆపరేషన్ విఫలమై పూర్తిగా చూపు పోయింది. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. మరుసటి ఏడాది శాంతినికేతన్‌కు తిరిగి వచ్చి కళాచరిత్ర బోధించారు. రామ్‌కింకర్ అక్కడే ఉన్నారు, ఎక్కడికీ పోలేదు.

ఇక్కడి నుంచి బినోద్‌బిహారి చేసిన పనిని జాగ్రత్తగా చూడండి. కాగితాన్ని వేళ్లతో తడిమి కత్తిరించి రంగు కాగితాల బొమ్మలు చేశారు. తడిమి గీశారు. మట్టితో, మైనంతో చిన్న శిల్పాలు చేశారు. 1972లో కళాభవన్ గోడకు పింగాణీ పలకలతో పెద్ద కుడ్యచిత్రం రూపొందించారు. ముక్కలను వేళ్లతో కొలిచి, కూర్పు చెప్పి చేయించారు. చిత్రకారుడు చూపు పోయాక శిల్పి అయ్యారు అనడం తేలిక. నా పఠనం కొద్దిగా వేరు. 1947 గోడ మీదే ఆయన చేతికి శిల్పం తెలుసు. ఇరవై ఏళ్లకు పైగా శిల్పి పక్కన పని చేసిన మనిషికి రూపమంటే కంటికి కనిపించే అంచు మాత్రమే కాదని, చేతికి తగిలే బరువని ముందే తెలుసు. కన్ను పోయినప్పుడు ఆయన కొత్త కళ నేర్చుకోలేదు, దగ్గరే ఉన్న దాన్ని బయటికి తీశారు.

రామ్‌కింకర్ 1980 ఆగస్టు 2న, బినోద్‌బిహారి అదే ఏడాది నవంబరు 11న మరణించారు. 1997లో ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలలో ఆర్. శివకుమార్ రవీంద్రుడు, నందలాల్, బినోద్‌బిహారి, రామ్‌కింకర్ నలుగురినీ కలిపి ఒక ప్రదర్శన ఏర్పాటు చేశారు. వీరి ఆధునికతను 'సందర్భానుగత ఆధునికత' అన్నారు. ఈ పదం పరీక్షకు అవసరం, రాసుకోండి. యూరప్ నుంచి దిగుమతి చేసుకున్నది కాకుండా, తన చోటు, తన కాలం, తన మనుషుల నుంచి తయారైన ఆధునికత అని దాని అర్థం. 2023లో శాంతినికేతన్ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

బరోడా మీదుగా తెలంగాణకు

ఈ స్నేహం వాళ్లిద్దరితో ఆగలేదు. రామ్‌కింకర్ శిష్యుడు శంఖో చౌధురి, హిందీ భవన్ గోడ దగ్గర బినోద్‌బిహారికి సహాయకుడిగా పని చేసిన కె.జి. సుబ్రమణ్యన్, ఇద్దరూ బరోడాలో 1950లో ఏర్పడిన లలితకళల ఫ్యాకల్టీలో అధ్యాపకులయ్యారు. శిల్పి శిష్యుడు శిల్పశాఖను నిలబెట్టారు, చిత్రకారుడి శిష్యుడు చిత్రకళను బోధించారు. గురువుల పొరుగు శిష్యుల పొరుగుగా మారింది.

1963లో పూర్వపు మెదక్ జిల్లా నిజాంపూర్‌కు చెందిన ఒక యువకుడు బరోడా చేరి, సుబ్రమణ్యన్ దగ్గర రెండేళ్లు కుడ్యచిత్రం, ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్నాడు. ఆయనే కె. లక్ష్మాగౌడ్. మన పల్లె స్త్రీపురుషులు, మేకలు, తుమ్మచెట్లు ఆయన ఎచింగుల్లో ఎంత సూటిగా వచ్చాయో మీకు తెలుసు. తర్వాత ఆయన కాల్చిన మట్టిలో, కంచులో శిల్పాలూ చేశారు. గీతలో ఉన్న బిరుసు ఆ మట్టిముఖాల్లోనూ ఉంటుంది. సూర్యాపేటలో పుట్టిన శిల్పి రవీందర్‌రెడ్డి కూడా బరోడాలోనే చదివారు. ఆయన చేసే పెద్ద పెద్ద స్త్రీముఖాలు, విప్పారిన కళ్లు, కొప్పు, పూలు, ఒళ్లంతా బంగారు రంగు చూడండి. రంగు తీసేస్తే ఆ శిల్పం సగమే మిగులుతుంది. నిర్మల్ బొమ్మ గురించి పైన అన్న మాటను ఇక్కడ మళ్లీ చదవండి.

నేరుగా శాంతినికేతన్‌కే వెళ్లినవారూ ఉన్నారు. ఓరుగల్లు ప్రాంతపు కొండపల్లి శేషగిరిరావు అక్కడ నందలాల్ దగ్గర నేర్చుకుని వచ్చి హైదరాబాద్‌లో తరాల విద్యార్థులకు చెప్పారు. ఆయన దారి వేరు, పురాణ కథల వైపు ఎక్కువ మొగ్గింది. దాన్ని ఈ పాఠంలో కలపడం లేదు.

అసైన్‌మెంట్

ఈ పాఠానికి రాతపని ఒక్కటే, దానికి ముందు చేతిపని ఉంది. ఒక ఆదివారం డిచ్‌పల్లి రామాలయానికి వెళ్లండి. గుట్ట మెట్లు ఎక్కి, రాతి గోడల మీది శిల్పాల్లో ఒక్కదాన్ని ఎంచుకోండి. ఎక్కువ ప్రసిద్ధమైనది అక్కర్లేదు, ఏ మూలనో ఉన్నదైనా సరే. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పెన్సిల్‌తో గీయండి. నీడ ఎటు జరిగిందో గుర్తించండి. ఇంటికి వచ్చాక చెరువు మట్టి కొంచెం తెచ్చుకుని, కళ్లు మూసుకుని, ఇంట్లో ఎవరిదైనా చేతిని తడిమి చూస్తూ ఆ చేతిని మట్టిలో చేయండి. గంట చాలు. అమ్మ బీడీలు చుట్టే చేయి అయితే ఇంకా మంచిది, వేళ్ల చివర్లు ఎలా ఉంటాయో మీ వేళ్లకు తెలుస్తుంది.

తర్వాత రెండు పేజీలు రాయండి: పెన్సిల్‌కు దొరికి మట్టికి దొరకనిది ఏమిటి, మట్టికి దొరికి పెన్సిల్‌కు దొరకనిది ఏమిటి. బినోద్‌బిహారి, రామ్‌కింకర్‌ల కృతుల్లో ఒక్కొక్కటి తీసుకుని మీ జవాబును వాటితో పోల్చండి. గీసిన కాగితాలు జతచేసి అధ్యయన కేంద్రంలో ఇవ్వండి. మట్టి చేయి తేనక్కర్లేదు. బొమ్మ బాగా రాలేదని మార్కులు తగ్గించరు. చేసి రాశారో, చేయకుండా రాశారో మాత్రం రెండో పేరాకల్లా తెలిసిపోతుంది.